ఒంటిచేతి ఫోకస్

స్టీఫెన్ సారుకు పక్షవాతం వచ్చింది వానలు ముదిరిన రోజుల్లో. సూర్యాపేట ఆసుపత్రిలో ఉంచి, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీకి తిప్పి, క్రిస్మస్ నాటికి భార్య కరుణ ఆయన్ని మళ్లీ మనిషిని చేసుకుంది. నడక వచ్చింది. మాట కాస్త ముద్దగా, నెమ్మదిగా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం భుజం వరకే వచ్చి ఆగిపోయింది. వేళ్లు ఉన్నాయన్న మాటే గానీ ఆయన చెప్పినట్టు వినడం మానేశాయి.

ఆయన కోదాడ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాడు. ఆమె నడిగూడెం బడిలో టీచరు. పొద్దున ఆటో ఎక్కి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. కరుణ పుట్టి పెరిగింది కోదాడలోనే. ఆమె మాటలో ఆంధ్రా వాసన కొడుతుందని తిరుమలగిరిలో పెరిగిన స్టీఫెన్ పెళ్లయిన నాటి నుంచీ ఏడిపించేవాడు. జబ్బు చేశాక ఏడిపించడం మానేశాడు. ఇంట్లో అది ఒక వెలితిలా ఉండేది.

ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే. మేడ మీద టెలిస్కోపు పెట్టి ఆకాశాన్ని ఫోటోలు తీయడం. మామూలు ఫోటోలు కావు. ఒక్కో ఫోటోకు నిమిషాల తరబడి కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. ఈలోగా భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు జరిగిపోతుంటాయి. టెలిస్కోపు కింద ఉన్న మోటారు వాటి వెంటే పోతుంది గానీ వెంట్రుకవాసి అటూ ఇటూ తప్పుతుంది. ఆ తప్పును పట్టుకోవడానికి పెద్ద టెలిస్కోపు వీపు మీద ఇంకో చిన్న టెలిస్కోపు బిగిస్తారు. దాన్ని గైడ్ స్కోపు అంటారు. దానికో చిన్న కెమెరా. దాని పని ఒకే ఒక్క నక్షత్రాన్ని రెప్ప వేయకుండా చూస్తూ ఉండడం. ఆ నక్షత్రం కాస్త పక్కకు జరిగితే ల్యాప్‌టాప్‌కు చెబుతుంది, ల్యాప్‌టాప్ మోటారును సరిచేస్తుంది. ఇదంతా పాలవాడికి సైతం స్టీఫెన్ నిలబెట్టి చెప్పిన సంగతే. కరుణకు నోటికి వచ్చు.

ఆ గైడ్ స్కోపు ఫోకస్ దగ్గరే వచ్చింది చిక్కు. కెమెరా ఒక చిన్న గొట్టానికి ఉంటుంది. ఆ గొట్టం ఇంకో గొట్టంలో జారుతుంది. ఒక చేత్తో దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ, స్క్రీన్ మీద నక్షత్రం సూదిమొనంత అయినప్పుడు, రెండో చేత్తో పక్కనున్న స్క్రూ బిగించాలి. బిగిస్తుంటే గొట్టం కాస్త ఒరుగుతుంది. నక్షత్రం మళ్లీ ఉబ్బిపోతుంది. రెండు చేతులూ బాగున్న రోజుల్లోనే దీన్ని స్టీఫెన్ తిట్టుకుంటూ బిగించేవాడు.

జనవరిలో ఒక సాయంత్రం, చీకటి పడగానే, ఆయన ఒక్కడే మేడ ఎక్కాడు. కరుణను రావద్దన్నాడు. కింద కూర తరుగుతున్న ఆమెకు పైన ఏదో కొట్టుకున్న చప్పుడు వినిపించింది. పరుగెత్తి చూస్తే, గొట్టం ఊడి, కెమెరా తన వైరుకు వేలాడుతూ ఊగుతోంది. స్టీఫెన్ గడ్డంతో గొట్టాన్ని ఒత్తిపట్టి, ఎడమచేత్తో స్క్రూ బిగించాలని చూశాడట.

"నేను పట్టుకుంటా, మీరు బిగించండి," అంది కరుణ.

ఆమె పట్టుకుంది, ఆయన బిగించాడు. గొట్టం ఒరిగింది. మళ్లీ పట్టుకుంది. ఆమె చెయ్యి సన్నగా వణుకుతోంది, స్క్రీన్ మీద నక్షత్రం ఊగుతోంది. "ముందుకు. జర ముందుకు. అరె, గంత గాదు. ఎనక్కి," అని చెబుతూ చెబుతూ ఆయన మాట ముద్దయిపోయింది. చివరికి స్క్రూ వదిలేసి, "ఇగ సాలు, కరుణా," అన్నాడు.

మర్నాడు ఆమె ఒక పని చేసింది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు మేడ ఎక్కి, సాయంత్రం చుక్కను పట్టుకుని, నానా తంటాలు పడి ఫోకస్ తనే కుదిర్చి, గొట్టం చుట్టూ గట్టిగా టేపు చుట్టింది. సంతోషపడతాడనుకుంది. స్టీఫెన్ పైకి వచ్చి, టేపును చూసి, స్క్రీన్ చూశాడు.

"మంచిగనే పెట్టినవ్," అన్నాడు. "ఫోటోలు గూడ నువ్వే తీస్కో." గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ వారమంతా మేడ ఎక్కలేదు. ఒకరోజు కరుణ బడి నుంచి వచ్చేసరికి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల వంశీధర్. మిర్యాలగూడలో పనిచేసిన రోజుల్లో స్టీఫెన్ దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు వాళ్ల రైసుమిల్లు చూసుకుంటున్నాడు. సారు పిచ్చే అతనికీ అంటింది.

"నాకెందుకురా ఇగ. నువ్వొచ్చి అంత తీస్కపో. ఈడ దుమ్ము పడ్తున్నది," అంటున్నాడు స్టీఫెన్.

ఆసుపత్రిలో డాక్టర్లు ఏవేవో చెప్పినప్పుడు కూడా కరుణ ఇంతగా భయపడలేదు. అప్పుడు ఆయన బతకాలని చూశాడు. ఇప్పుడు వదిలేస్తున్నాడు.

మర్నాడు నడిగూడెం ఆటోలో కూర్చుని దారి పొడుగునా అదే ఆలోచించింది. తను చేసిన తప్పేమిటి? జబ్బు చేసిన కొత్తలో ఆయనకు అన్నం కలిపి తినిపించేది. మొహం గోడకు తిప్పుకుని మింగేవాడు. తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెబితే ఎత్తు అంచున్న పళ్లెం కొన్నది. ఎడమచేత్తో తోస్తే ముద్ద అంచుకు ఆగుతుంది, బయట పడదు. ఆ రోజు ఆయన ఎవరి సాయమూ లేకుండా తిని, మారు వడ్డించమన్నాడు. చొక్కా గుండీలు తీసేసి అంటుకునే పట్టీలు కుట్టించినప్పుడూ మాట్లాడకుండా వేసుకున్నాడు. ఆయనకు కావలసింది రెండో చెయ్యి కాదు. ఒక్క చేత్తో అయ్యే వస్తువు. ఆ సంగతి పళ్లెం దగ్గర తెలిసింది గానీ టెలిస్కోపు దగ్గర తట్టలేదు.

బడి వదలగానే వంశీధర్‌కు ఫోన్ చేసింది. "తీసుకెళ్లకు నాయనా. ఆ చిన్న టెలిస్కోపును నేనే తీసుకొస్తా. మీ ఊళ్లో లేత్ పని బాగా చేసేవాళ్లెవరన్నా ఉన్నారా?"

"ఉన్నడు మేడం. ఫకీరా అని, మా మిల్లు షాఫ్టులన్ని ఆయనే చేస్తడు. రండ్రి."

రెండో శనివారం, సహోద్యోగి ఇంట్లో ఫంక్షన్ ఉందని చెప్పి, గైడ్ స్కోపును చీరల సంచిలో పెట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లింది. భర్తకు అబద్ధం చెప్పడం కరుణకు అలవాటు లేదు. బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని దొంగసొత్తులా కాపాడుకుంది.

ఫకీరా షాపు మిల్లుల దారిలో ఉంది. ఇనుప రజను, నూనె కలిసిన వాసన. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, గైడ్ స్కోపును అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

"గింత సన్న పని మా దగ్గరికి ఎవ్వరు తేరమ్మా. ఏం గావాలె దీనికి?"

"ఈ గొట్టం జారకూడదు. ఒక్క చేత్తో తిప్పితే ముందుకూ వెనక్కూ రావాలి. సీసా మూత తిప్పినట్టు," అంది కరుణ.

"గంతేనా! మరలు కోస్తే అయిపాయె," అన్నాడు ఫకీరా.

వారం తిరిగేసరికి వంశీధర్ దాన్ని తెచ్చి ఇచ్చాడు. లోపలి గొట్టం మీద స్క్రూ చుట్లలా సన్నటి మరలు, కోసిన చోట మెరుస్తున్న కొత్త లోహం. ముచ్చటగా ఉంది. కరుణ ఆ సాయంత్రం స్టీఫెన్‌ను బతిమాలి మేడ ఎక్కించింది. ఆయన ముందు గైడ్ స్కోపును చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"ఫంక్షనా?" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. "చెబితే వద్దంటారని."

ఆయన మొహం ఎర్రబడింది. దిగి వెళ్లిపోతాడేమో అనుకుంది. కానీ చెయ్యి అప్పటికే గొట్టం మీదికి పోయింది. ఎడమచేత్తో తిప్పాడు. నక్షత్రం చిన్నదవుతూ వచ్చింది. దానితోపాటే కెమెరా కూడా గిర్రున తిరిగింది. వైరు గొట్టానికి చుట్టుకుంది. చెయ్యి తీయగానే మరల మధ్య సందులో గొట్టం కదిలి, స్క్రీన్ మీది నక్షత్రం ఎగిరి పక్కన పడింది.

"ఎవడు చేసిండు దీన్ని?"

"ఫకీరా అని, మిర్యాలగూడలో. మరలు బాగా లేవా?"

"మరలు మస్తున్నయి. పనోడు మంచోడే. ఎట్ల జెయ్యాల్నో జెప్పినోళ్లకే అకల్ లేదు."

"చెప్పింది నేనే," అంది కరుణ.

స్టీఫెన్ ఆమె వైపు చూశాడు. వంకరపోయిన పెదవి కొసన నవ్వు మొదలై, ఆగక, భుజాలు కదిలేదాకా పోయింది. "సీసా మూత లెక్క అని జెప్పినవా?" అన్నాడు. ఆమె అవునన్నట్టు తలూపింది. ఆయన ఇంకా నవ్వాడు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. కరుణకు కోపం రావాలి, రాలేదు.

కిందికి దిగాక ఆయన గోడకున్న క్యాలెండర్లో పోయిన నెల కాగితం చింపి, వెనకవైపు తిప్పి, పెన్సిల్ పట్టుకున్నాడు. ఎడమచేతి గీతలు పాములు పాకినట్టు పోయాయి. కాగితం జారుతోంది. కరుణ చేతులు దురదపెట్టాయి. ఉప్పు జాడీ తెచ్చి కాగితం అంచు మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు తోమినట్టు చప్పుడు చేస్తూ నిలబడింది.

కాసేపటికి పిలుపు వచ్చింది. "కరుణా, జర వచ్చి స్కేలు వట్టుకో."

ఆయన అడిగిన చోట పట్టుకుంది. గీత పడగానే తీసేసింది.

బొమ్మ ఆయన మనసులో ఎప్పుడో సిద్ధమైనట్టుంది. గొట్టం తిరగకూడదు. దాని చుట్టూ ఒక ఇత్తడి రింగు, అదొక్కటే తిరగాలి. గొట్టానికి పక్కన పొడుగునా ఒక గాడి, ఆ గాడిలో దిగిన పిన్ను. దాంతో గొట్టం ముందుకూ వెనక్కూ పోతుందే తప్ప తిరగలేదు. వెనక నుంచి ఒక స్ప్రింగు దాన్ని ఎప్పుడూ ఒకే వైపు నెడుతూ ఉంటే, మరల మధ్య సందు ఉన్నా లేనట్టే. స్క్రూతో పనే లేదు.

"దీన్ని వంశీకి పంపిస్తా," అంది కరుణ.

స్టీఫెన్ పెన్సిల్ కింద పెట్టాడు. "బొమ్మ సూస్తే అర్థంగాదు. నేనే పోవాలె."

ఆసుపత్రికి తప్ప ఆయన గడప దాటి అప్పటికి చాలా కాలమైంది. బస్టాండులో తెలిసినవాళ్లు ఎదురైతే ఏమంటారోనని చర్చికి కూడా రానన్న మనిషి. ఆ శనివారం పొద్దున్నే తయారై, చొక్కా పట్టీలు తనే అంటించుకుని, కరుణ కన్నా ముందు గేటు దగ్గర నిలబడ్డాడు. బస్సు ఎక్కేటప్పుడు ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఒక్కో కాలూ పైకి లాగాడు. వెనకున్నవాళ్లు తొందరపడ్డారు. కరుణ వాళ్లకు అడ్డంగా నిలబడింది, ఆయన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఫకీరా షాపులో మొదట అంతా తలకిందులైంది. స్టీఫెన్ చెప్పడం మొదలుపెట్టాడు. లేత్ మోత మధ్య ఆ ముద్ద మాట ఫకీరాకు అందలేదు. రెండుసార్లు "ఆఁ?" అని, ఇక లాభం లేదనుకుని వంశీధర్ వైపు తిరిగాడు. "సారు ఏమంటున్నడు?"

వంశీధర్ నోరు తెరిచేలోగా కరుణ అతని మోచెయ్యి పట్టుకుంది. "సారునే అడగండి," అంది ఫకీరాతో.

ఫకీరా ఆమెను చూశాడు. తర్వాత వెళ్లి లేత్ మిషన్ ఆపేశాడు. షాపు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఒక స్టూలు లాగి స్టీఫెన్ ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"జెప్పుండ్రి సార్. నిమ్మళంగ జెప్పుండ్రి."

స్టీఫెన్ నిమ్మళంగానే చెప్పాడు. మధ్యలో మాట ఇరుక్కుంటే ఆగాడు. ఫకీరా ఆగాడు. క్యాలెండర్ కాగితం ఇద్దరి మోకాళ్ల మీదా పరిచి ఉంది.

"అంటే నట్టు తిరుగుతది, బోల్టు తిరగది. బోల్టు ముంగటికి, ఎనక్కి పోతది," అన్నాడు ఫకీరా.

"అదే! గదే నేననేది!"

"స్ప్రింగెందుకు మరి? నేను మరలు టైటుగ కోస్త. సందే ఉండది."

"టైటుగ కోస్తే ఎండల పట్టేస్తది, చలిల లూజైతది. సందు ఉండనీ. ఒకదిక్కు నూకి వట్టుకుంటే సాలు."

ఫకీరా గడ్డం గీరుకున్నాడు. ఒప్పుకోలేదు, కాదనలేదు. ఇత్తడి ముక్క ఒకటి తీసి మిషన్‌కు బిగించాడు. బంగారు రంగు రజను చుట్టలు చుట్టలుగా రాలింది. మధ్యాహ్నం వంశీధర్ మిల్లు నుంచి అన్నం క్యారియర్ వచ్చింది. తినడానికి ఫకీరా చెయ్యి కడుక్కున్నాడు గానీ, స్టీఫెన్ మాత్రం రింగు పూర్తయ్యేదాకా మిషన్ పక్క నుంచి కదల్లేదు.

మొదట స్ప్రింగు లేకుండా బిగించి చూశారు. కెమెరా తిరగడం ఆగింది. కానీ వేలితో తాకితే గొట్టం టకటకమంటూ ఊగింది. ఫకీరా మిల్లు మిషన్ల పాత స్ప్రింగుల డబ్బా తెచ్చి బోర్లించాడు. గొట్టానికి పట్టే స్ప్రింగు ఒకటి దొరికింది. ఊగడం పోయింది. స్టీఫెన్ ఎడమచెయ్యి వేసి తిప్పబోయాడు. రింగు కదల్లేదు. పళ్లు బిగించి ఇంకోసారి తిప్పాడు. వేళ్లు జారాయి. కరుణ చూపు తిప్పుకుంది.

"ఇటియ్యిండ్రి," అని ఫకీరా దాన్ని తీసుకున్నాడు. తన కుడిచేతిని వీపు వెనకకు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో బల్ల మీద ఉన్న గైడ్ స్కోపు రింగు తిప్పి చూశాడు. అతనికీ రాలేదు. "దీని జోరు ఎక్కువున్నది," అని స్ప్రింగు తీసేసి, ఇంకోటి వేసి, మళ్లీ చెయ్యి వెనకకు పెట్టుకుని తిప్పాడు. అదీ కాదన్నాడు. ఇంకోటి వేశాడు. రింగు కొంచెం వెడల్పు చేసి, పట్టు జారకుండా దాని మీద గరుకు గీతలు గీశాడు. ప్రతిసారీ ఆ కుడిచెయ్యి వెనకకే పోయింది. ఎవరూ చెప్పలేదు అతనికి. చివరికి రింగు మెత్తగా, ఆగకుండా, వదిలిన చోటనే నిలుస్తూ తిరిగింది.

"ఇప్పుడు మీరు సూడుండ్రి, సార్."

స్టీఫెన్ తిప్పాడు. ఇంకా తిప్పాడు. వెనక్కు తిప్పాడు. తలూపాడు.

పౌర్ణమి పోయిన వారానికి, చంద్రుడు ఆలస్యంగా వచ్చే రోజుల్లో, వంశీధర్ వాళ్లను పాలకీడు దగ్గర తమ పొలానికి తీసుకెళ్లాడు. అక్కడ ఊరి దీపాలు కనబడవు. పొద్దు కుంకి కాసేపైంది. నాటు వేసిన మడుల్లో కప్పలు అరుస్తున్నాయి. నడినెత్తిన గొల్లకావడి మూడు చుక్కలూ వరసగా వెలుగుతున్నాయి. వాటి కిందుగా ఉన్న మసక వెలుగునే ఆయన ఫోటో తీయాలనుకున్నది.

బరువులన్నీ వంశీధర్ మోశాడు. బిగింపులు మాత్రం స్టీఫెన్ చేసుకున్నాడు. చాలాసేపు పట్టింది. దోమలు పీకుతున్నా ఎవరూ తొందరపెట్టలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, గైడ్ కెమెరా ఆన్ చేసి, ఆయన ఎడమచెయ్యి ఇత్తడి రింగు మీద పెట్టాడు. స్క్రీన్ మీద నక్షత్రం తెల్లటి అప్పడంలా ఉంది. రింగు తిరిగింది. అప్పడం చిన్న నాణెమంత అయింది, బఠాణీ అయింది, చుక్క అయింది. దాటిపోయి మళ్లీ ఉబ్బింది. ఆయన వెనక్కు తిప్పాడు. చుక్క. చెయ్యి తీశాడు. చుక్క అలాగే ఉంది.

కరుణ వంగి ఆ చుక్కనే చూసింది.

మొదటి ఫోటో వచ్చాక వంశీధర్ దాన్ని పెద్దది చేసి మూలమూలా వెతికాడు. "సార్, ఒక్క చుక్క గూడ సాగలేదు. అన్ని గుండ్రంగున్నయి!"

ఇంకొన్ని ఫోటోలు వచ్చాయి. తర్వాత పొలం తడికి మంచు పట్టి పెద్ద టెలిస్కోపు అద్దం మసకబారింది. అనుకున్నన్ని ఫోటోలు రాలేదు, ఆ మసక వెలుగు ఎర్రగా, పలుచగా వచ్చిందంతే. గొప్ప ఫోటో కాదని స్టీఫెనే చెప్పాడు. అయినా దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కరుణ చెయ్యి పట్టి రింగు మీద పెట్టి, "తిప్పు. జర తిప్పి సూడు ఎంత మెత్తగున్నదో. సీసా మూత గాదు," అన్నాడు.

"ఆంధ్రా వాళ్లకు అంత తెలివి ఎక్కడిదిలెండి," అంది ఆమె.

"అది నేననాలె," అన్నాడాయన.

వంశీధర్ సామాన్లు బండిలోకి ఎక్కిస్తుంటే స్టీఫెన్ గట్టు మీద కూర్చుని ఫోన్ తీశాడు. ఎవరికి చేస్తున్నాడో కరుణకు అర్థం కాలేదు. స్పీకర్ పెట్టి ఫోన్‌ను మోకాలి మీద ఉంచుకున్నాడు.

"ఫకీరా, నేను స్టీఫెన్‌ని. పని... పని..." మాట ఇరుక్కుంది. ఆయన కళ్లు మూసుకుని ఆగాడు.

అవతల ఎవరో పిల్లలు అల్లరి చేస్తున్నారు. ఫకీరా వాళ్లను గదమాయించి, తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఇంటున్న సార్. జెప్పుండ్రి."

స్టీఫెన్ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నక్షత్రం ఎంత ఉండేదో, రింగు తిప్పితే ఎట్లా చిన్నదయిందో, చెయ్యి తీసినా ఎట్లా నిలబడిందో ఒక్కొక్కటే చెప్పసాగాడు. కరుణ పక్కనే కూర్చుని దోమలు తోలుతూ వింది. ఇరుక్కున్న మాటను అందించడానికి ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.